మామ్మగారి తూర్పు

ఇప్పుడు ఫోను ఆకాశం వైపు ఎత్తి పట్టుకుంటే చాలు, ఏ ఉపగ్రహం ఏ మూల లేస్తుందో, ఎన్ని నిమిషాలు ఉంటుందో, ఎక్కడ దిగిపోతుందో బాణం గుర్తుతో సహా చూపిస్తుంది. ఆ బాణం వెంట చెయ్యి తిప్పుకుంటూ పోవడమే మన పని. నాకు ఇరవై ఆరేళ్ళున్నప్పుడు ఆ సుఖం లేదు. అప్పట్లో ఉపగ్రహం ఆకాశంలోకి రావాలంటే ముందు నా నోట్‌బుక్కులోకి రావాలి. వారానికోసారి బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి, దాని కక్ష్య తాలూకు అంకెలు రెండు వరసలు ప్రింటు తీసుకొచ్చి, కాలిక్యులేటర్ మీద గంటన్నర కుస్తీ పట్టి, ఈలోగా భూమి తిరిగినంత మేరా పక్కకు జరిపి, చివరికి "ఆదివారం సాయంత్రం ఆరూ రెండుకు, దక్షిణం నుంచి" అని తేల్చుకునేవాణ్ణి. డిగ్రీలు మూడు దశాంశ స్థానాల దాకా వేసేవాణ్ణి. (చేత్తో పట్టుకునే ఏరియల్‌ను డిగ్రీలో వెయ్యో వంతు తిప్పగల మణికట్టు ఇంతవరకూ ఎవరికీ లేదు. అయినా వేసేవాణ్ణి.)

నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు. ఇంటర్‌తో ఆగిపోయి, విజయవాడ హోల్‌సేల్ మార్కెట్లో కాటా దగ్గర గుమస్తాగా కుదిరాను. తెల్లవారకముందే సరుకు లారీలు తూకానికి వచ్చేవి. మధ్యాహ్నం తర్వాత తీరిక దొరికేది. ఆ తీరికలో పాత పుస్తకాల కొట్లో కొన్న త్రికోణమితి పుస్తకం ముందువేసుకుని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. అది ముదిరి హామ్ రేడియో దాకా వెళ్ళింది. అంటే, సర్కారు పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, సొంత రేడియో సెట్టుతో ప్రపంచంలో తనలాంటి పిచ్చి ఉన్నవాళ్ళతో మాట్లాడే వ్యసనమన్నమాట. రెండో ప్రయత్నంలో లైసెన్సు వచ్చింది. పాతదే అయినా ఒక చేతి సెట్టు సమకూరింది. దాని బలం అయిదు వాట్లు. మా గదిలో బెడ్‌లైటుకు అంతకంటే ఎక్కువ. అంత చిన్న సెట్టుతో కూడా ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున పరిగెత్తే ఉపగ్రహాన్ని అందుకోవచ్చనీ, మన మాట పట్టుకుని అది ఇంకో దేశంలో దింపుతుందనీ చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

మేముండేది భవానీపురంలో, నదికి నాలుగు వీధుల ఇవతల, మేడ మీది గదిలో. మేము అంటే నేనూ, డౌటూను. డౌటు అసలు పేరు వేరే ఉంది. గుడివాడ నుంచి వచ్చి కోచింగ్ కాలేజీలో పరీక్ష పేపర్లు దిద్దేవాడు. ఏం చెప్పినా "గ్యారంటీయేనా?" అనేవాడు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. కింద ఇంటి ఓనరు మామ్మగారు ఒక్కరే ఉండేవారు. మేడ మీద సగం ఆవిడ వడియాలకీ, మిరపకాయలకీ. మిగతా సగం నా ఆకాశానికి.

ఏరియల్ నేనే చేశాను. గజం పొడవు చెక్క బద్దకు ఏడు అల్యూమినియం ఊచలు అడ్డంగా బిగించాను. పాత టీవీ యాంటెనా విరగ్గొట్టి తెచ్చినవే అవి. పిస్టల్ పట్టుకున్నట్టు పట్టుకుని ఉపగ్రహం ఎటు పోతే అటు చూపించాలి. మరి ఎటు అని తెలియాలి గదా! మొదట దిక్సూచి కొన్నాను. పై అంతస్తు వేస్తారని స్తంభాల మీద వదిలేసిన ఇనప చువ్వల మధ్య దాని ముల్లు స్థిమితంగా నిలబడలేదు. అడుగు జరిగితే చాలు, ఉత్తరం మారిపోయేది. విసుగొచ్చి దాన్ని పక్కన పడేసి, కింద హాల్లో ఫ్రేము కట్టించిన ఇంటి ప్లాను చూశాను. వాస్తు సిద్ధాంతిగారి సంతకంతో, ఎర్ర సిరాలో ఉత్తరం బాణం ఠీవిగా ఉంది. ఇంతకంటే ఏం కావాలి? ఆ బాణం ప్రకారం మేడ మీద ముగ్గుపిండితో పెద్ద చక్రం గీసి, పదేసి డిగ్రీలకు గీతలు పెట్టి, ఉ, తూ, ద, ప అని నాలుగు అక్షరాలు రాశాను.

శుక్రవారం ఉపగ్రహం వచ్చింది. (వచ్చిందని నా నోట్‌బుక్కు చెప్పింది.) డౌటు గడియారం చూస్తూ అంకెలు చదవడం, నేను ముగ్గు మధ్యలో నిలబడి ఆ గీత మీదికి తిరగడం. "నూట అరవై... ఎత్తు పది... నూట నలభై... ఎత్తు పాతిక..." సెట్టులో మాత్రం వర్షం చప్పుడు. మధ్యలో ఎవరిదో గొంతు అర ముక్క తగిలి మునిగిపోయింది. నేను మీట నొక్కి, లైసెన్సుతో పాటు ఇచ్చిన నా పిలుపుగుర్తు, అంటే కాల్‌సైన్, చెప్పాను. మళ్ళీ వర్షమే.

"ఒరేయ్, కాస్త అటూ ఇటూ ఊపి చూడరాదూ?" అన్నాడు డౌటు.

"లెక్క నూట నలభై అంటే నూట నలభయ్యే. ఊపడమేంటి, విసనకర్రా?"

"లెక్క గ్యారంటీయేనా?"

శనివారం నాడూ అంతే. పైగా మామ్మగారు మెట్లెక్కి వచ్చారు.

"ఏం అబ్బాయ్, నువ్వా డబ్బా నొక్కినప్పుడల్లా నా టీవీలో కోడలి మొహం మీద గీతలు పడుతున్నాయి. అత్తే రక్కిందేమో అనుకుని రెండ్రోజులుగా ఆ అత్తని తిట్టిపోస్తున్నా. ఇంతకీ నీ వల్లటగా!"

నేను నసుగుతూ ఉపగ్రహం సంగతి చెప్పాను. ఆవిడ ఆకాశం వైపు చూసి, నా వైపు చూశారు. "సరే, రేపు నా ఆరు గంటల సీరియల్ మానుకుని పైకొస్తా. అందులోంచి మనిషి మాట వినిపించు. వినిపిస్తే ఉంచుకో. లేదంటే సోమవారం పొద్దున్నకల్లా ఆ చీపురూ డబ్బా కిందికి దిగిపోవాలి, మేడ తాళం నా దగ్గరుండాలి."

ఆ మేడ పోతే నాకు ఆకాశం లేదు. గదికున్న ఒక్క కిటికీ పక్కింటి గోడకేసి ఉంది. రెండేళ్ళు కష్టపడి తెచ్చుకున్న లైసెన్సు ఇక పెట్టెలో కాగితమే. ఆ రాత్రి లెక్క మూడుసార్లు వేశాను. మూడుసార్లూ అవే అంకెలు వచ్చాయి. తప్పు దొరికితే దిద్దుకోవచ్చు. దొరకని తప్పుతోనే చిక్కు.

ఆదివారం పొద్దున మామ్మగారు వడియాలు పెట్టడానికి వచ్చి నా ముగ్గు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు.

"ముగ్గు బాగానే కుదిరింది గానీ, ఈ 'తూ' ఏంటి?"

"తూర్పండీ."

"ఇది తూర్పని ఎవరు చెప్పారు?"

"మీ ఇంటి ప్లానే చెప్పిందండీ. సిద్ధాంతిగారి సంతకం కూడా ఉంది."

ఆవిడ చేతిలో పిండిగిన్నె కింద పెట్టి నవ్వారు. "అయ్యో పిచ్చి నాయనా! ఈ స్థలం వంకర. నది వంపును బట్టి వీధి వేశారు, వీధిని బట్టి ఇల్లు కట్టారు. సిద్ధాంతి వచ్చి, 'ఏం చేస్తాం, వీధి వెంబడి తూర్పనుకోండి' అన్నాడు. సరేనని నలభై ఏళ్ళుగా అనుకుంటున్నాం. సూర్యుడికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆయన మా ఈశాన్యం మూల నుంచే వస్తాడు. చలికాలంలో కాస్త వీధి వైపు జరుగుతాడంతే. నీళ్ళ ట్యాంకు నీడ ఏ వేళకి ఎక్కడ పడుతుందో చూసుకోకపోతే నా వడియాలు ఎండేదెట్టా?"

రెండేళ్ళు ఆ మేడ మీద కాపురముండి నేను సూర్యోదయం ఒక్కటీ చూడలేదు. ఆ వేళకు కాటా దగ్గర ఉండేవాణ్ణి. ఆదివారాలు నిద్రపోయేవాణ్ణి. అయినా అంత తేలిగ్గా ఒప్పుకోవడానికి మనసొప్పలేదు. తాడుకు రాయి కట్టి వేలాడదీసి, ఎండలో కూర్చున్నాను. పన్నెండుంపావు దాటాక ఆ తాడు నీడ బాగా పొట్టిదై, అసలైన ఉత్తరం వైపు తిరిగి పడుకుంది. నా 'ఉ' అక్షరానికి ఎడంగా కొలిచాను. ముప్ఫై అయిదు డిగ్రీలు. దశాంశ స్థానాలు వెయ్యబుద్ధి కాలేదు.

"మూడో స్థానం కరెక్టే కదరా," అన్నాడు డౌటు పరామర్శగా.

ముగ్గు చెరిపి మళ్ళీ గీశాను. ఆరు కాకముందే మామ్మగారు కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. ఆరూ రెండు అయింది. దక్షిణాన నది వైపు ఏరియల్ దించి పట్టుకున్నాను. వర్షం చప్పుడు. ఇంకా వర్షం చప్పుడే. మామ్మగారు కొంగు సర్దుకున్నారు. అప్పుడు ఆ చప్పుడు కింద ఏదో కదిలింది, పలచబడింది, తెర తీసినట్టు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలోంచి మనుషులు మాట్లాడసాగారు.

ఒకరు కాదు, నలుగురైదుగురు. ఒకరి వెంట ఒకరు, పేరూ ఊరూ చెప్పుకుని తప్పుకుంటున్నారు. కృష్ణా బ్రిడ్జి మీద రైలు దగ్గరికొస్తూ కూత సన్నగా, దాటిపోతూ బొంగురుగా వినిపిస్తుంది కదా, ఉపగ్రహం పిలుపు కూడా అంతే. రాగానే ఫ్రీక్వెన్సీ కాస్త పైన పెట్టుకుని, అది పోయేకొద్దీ మెట్టు మెట్టుగా దించుకోవాలి. గొంతు సన్నగిలితే మణికట్టు మెలితిప్పాలి, మళ్ళీ నిండుగా వినిపిస్తుంది. ("హారతి ఇస్తున్నావేంట్రా!" అన్నారు మామ్మగారు. అంతవరకూ నన్ను 'రా' అనలేదు.) ఇవన్నీ పుస్తకంలో చదివినవే. ఇప్పుడు నా చేతిలో నిజమవుతున్నాయి.

సందు చూసి నా పిలుపుగుర్తు చెప్పాను. ఆ తర్వాత ఒక మగ గొంతు, మెత్తటి ఇంగ్లీషులో, నా గుర్తు అక్షరం తప్పకుండా తిరిగి చెప్పి, తాను థాయ్‌లాండు నుంచి మాట్లాడుతున్నానంది.

"మనల్నేనా?" అన్నారు మామ్మగారు, లేచి నిలబడి.

"మనల్నేనండీ."

"భోంచేశాడేమో అడుగు."

"అవన్నీ అడక్కూడదండీ, అవతల అందరూ వరసలో ఉంటారు. పేరూ ఊరూ చెప్పి తప్పుకోవాలి."

"అంత దూరాన్నుంచి మనిషి పలికితే తిన్నావా అని అడక్కుండా ఊరుకుంటారుట్రా? అడుగు!"

మేడ ఆవిడది. అడిగాను. నా లైసెన్సు ఇక్కడితో సరి అనుకున్నాను. అంతలో ఆయన నవ్వు వినిపించింది, పక్కన కూర్చుని నవ్వినంత స్పష్టంగా. "అన్నం, చేపల పులుసు. వేడివేడిగా," అన్నాడు. వరసలో ఉన్న ఇంకెవరో కూడా నవ్వారు. మామ్మగారు తల పంకించారు, ఒక బాధ్యత తీరినట్టు.

ఉపగ్రహం ఉత్తరాన కొండ వెనక్కి దిగిపోయింది. మళ్ళీ వర్షం చప్పుడు. కాసేపు ముగ్గురం అటే చూస్తూ నిలబడ్డాం. అక్కడ ఏమీ లేదు, ఒక్క చుక్క కూడా పొడవలేదింకా.

"ఎంత దూరం పోయొచ్చిందిరా ఆ మాట?" అన్నారావిడ మెల్లగా.

నాకు తెలిసిన పని దొరికింది. "ఆయన దగ్గర్నుంచి పైకెళ్ళి కిందికి రావడానికి రెండున్నర వేల కిలోమీటర్లండీ, సుమారుగా. సెకనులో నూరో వంతు కూడా పట్టలేదు."

"సుమారుగా అన్నాడు!" అన్నాడు డౌటు, ఆశ్చర్యంగా.

మామ్మగారు మెట్లు దిగుతూ చెప్పారు. "ఉంచుకో. ఏడున్నరకి ఇంకో సీరియల్ ఉంది, అప్పుడు మాత్రం ముట్టుకోకు."

ఆ సాయంత్రమే నోట్‌బుక్కు తెరిచి అన్నీ రాసుకున్నాను. లేచిన వేళ, దిగిన వేళ, ప్రతి నిమిషానికీ దిక్కు, ఎత్తు, ఫ్రీక్వెన్సీ ఎన్ని మెట్లు దించానో అదీ. అవతలి మనిషి పిలుపుగుర్తు రాయాల్సిన గడి దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఆయన రెండుసార్లు స్పష్టంగా చెప్పాడు. నాకు ఒక్క అక్షరం గుర్తు లేదు. డౌటుకూ లేదు. పిలుపుగుర్తు లేని సంభాషణ మా లోకంలో జరిగినట్టే కాదు. ఇప్పటికి నా లెక్కలో పదిహేను వందల పైచిలుకు సంభాషణలున్నాయి, ప్రతిదానికీ వేళ సెకన్లతో సహా. వాటిలో చాలామంది గొంతులు నాకు గుర్తు లేవు. లెక్కకు రాని ఆ ఒక్క సంభాషణలోని నవ్వు మాత్రం ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ గడిలో, కుదురైన అక్షరాలతో, ఆ ఇరవై ఆరేళ్ళ గుమస్తా ఖాళీ వదలడం ఇష్టంలేక రాసిపెట్టాడు: "అన్నం, చేపల పులుసు."