నాలుగో అంతస్తుకి మెట్లదారి

ఆస్పత్రిలో లిఫ్టు నడపడం పదకొండేళ్ళుగా నా పని. మూడో అంతస్తు కళ్ళకి, ఐదోది ఎముకలకి. నడుమ నాలుగోది మనసు బాగోలేనివాళ్ళకి. నాలుగు అని నోరు తెరిచి అడిగేవాళ్ళు తక్కువ. ఐదంటారు, అక్కడ దిగి, అటూ ఇటూ చూసి, మెట్ల మీదుగా ఒక అంతస్తు కిందికి జారుకుంటారు. వాళ్ళకి నేను మెట్లవాళ్ళని పేరు పెట్టాను. ఎవరైనా ఐదనగానే "ఎముకలేనా?" అని వత్తి అడిగేవాణ్ణి. వాళ్ళ ముఖం మాడిపోతే నాకదో కాలక్షేపం. నేను లేనప్పుడు నా స్టూలెక్కే జోడీదారుకి కూడా ఈ విద్య నేర్పాను. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

గురివింద గింజకి తన కింద నలుపు కనబడదు. అమ్మ పోయాక నన్ను పెంచింది మా అక్క. చొక్కా గుండీలు పెట్టడం దగ్గర్నుంచి ఈ ఉద్యోగానికి దరఖాస్తు రాసివ్వడం దాకా అన్నీ ఆవిడే. ఈ ఏడాది ఆవిడ మెల్లగా మాట్లాడ్డం తగ్గించేసింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడేది. ఒక పొద్దున "నాకు బతకాలని లేదురా" అంది, బజారు నుంచి ఏం తేవాలో చెప్పినంత మామూలుగా. నా భార్య ఆ రోజే తీసుకెళ్ళమంది. రేపు, రేపంటూ రెండు నెలలు నెట్టుకొచ్చాను. దారి తెలియక కాదు. రోజూ అందర్నీ ఆ అంతస్తు దాటించేవాణ్ణి నేనే.

చివరికి సెలవు పెట్టి తీసుకెళ్ళాను. పన్నెండు దాటితే డాక్టరు చూడరు, అప్పటికే పదకొండున్నర. లిఫ్టులో స్టూలు మీద జోడీదారు, పక్కన నన్నెరిగిన ఆయాలిద్దరు. ఎక్కడికన్నాడు.

"ఐదు. అక్కకి మోకాళ్ళు."

అబద్ధం కాదు, ఆవిడ మోకాళ్ళు నిజంగానే అరిగాయి. అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. అంతకంటే నవ్వినా బాగుండేది.

ఐదులో దిగి అక్కని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాను. కమ్మీ పట్టుకుని, పంటి బిగువున ఒక్కో మెట్టే దిగింది. సగంలో, మలుపు దగ్గర కూలబడింది.

"మీ లిఫ్టు నాలుగులో ఆగదా?" అంది.

ఆగుతుందన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఆవిడకి అంతా అర్థమైపోయింది.

"ఇంటికి పోదాం పదరా. నీకింత తలవంపులైతే నాకొద్దు."

నా పరువు కోసం ఆవిడ చావడానికైనా సిద్ధంగా ఉంది. ఇంటికి కాదక్కా, అందరి ముందే లిఫ్టులో నాలుగుకి పోదామన్నాను. భుజమిచ్చి, దిగిన మెట్లన్నీ మళ్ళీ పైకెక్కించాను. మెట్టు మెట్టుకీ ఆవిడ మోకాలు కలుక్కుమంటూనే ఉంది.

లిఫ్టు వచ్చింది. జోడీదారు ఏమీ అడక్కుండా లేచి అక్కకి స్టూలిచ్చాడు. పదకొండేళ్ళలో నేను దాన్ని ఎవరికీ ఇచ్చింది లేదు. లోపల నలుగురున్నారు, నేనేం చెబుతానా అని చూస్తున్నారు. నాలుగు అనాలి. అప్పుడు కూడా అనలేకపోయాను.

అక్కే చెయ్యి చాపి నాలుగు నొక్కింది.

"మా తమ్ముడు ఇక్కడే పనిచేస్తాడు," అంది వాళ్ళతో. "డాక్టరుకి చూపిద్దామని వాడే తీసుకొచ్చాడు."