ఆళ్లగడ్డ సాలెపురుగుకు అసలు పేరు

నా భార్య పోయిన నెల నంద్యాలలో, మా ఇంట్లోనే చనిపోయింది. గుండె ఆగింది. ఆమె దగ్గర జంతుశాస్త్రం చదువుకున్నవాళ్ళలో చాలామందికి ఈ వార్త ఇంకా చేరలేదు. కొందరు ఇప్పటికీ ఆమె ఫోనుకు సాలెపురుగుల ఫోటోలు పంపి పేరు అడుగుతున్నారు. జవాబివ్వడం నాకు రాదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఫోటో చూసి ఆమె కూడా చెప్పేది కాదు. "వీపు చూసి పేరు చెప్పగూడదు" అనేది. ఎదిగిన ఆడ సాలెపురుగు కడుపు కింద ఆవగింజ కన్నా చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది. ఒక్కో జాతికి ఒక్కో ఆకారం. సూక్ష్మదర్శినిలో అది చూస్తేగాని పేరు తేలదట. ఈ జాగ్రత్త ఆమెకు సొంత పొరపాటు నేర్పింది.

కాలేజీ ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే చోట, పేర్చిన రాళ్ళ కింద బూడిదరంగు సాలెపురుగు ఒకటి ఆమెకు దొరికింది. వీపు మీది మచ్చలు పుస్తకంలో బొమ్మతో సరిపోయాయి. ఆ పేరుతోనే వ్యాసం రాసింది. తర్వాతివాళ్ళు ఆమెను నమ్మి అదే పేరు రాశారు. రిటైరయ్యే ముందు, కాలేజీలో సీసాలో దాచిన ఆ పాత నమూనాను మళ్ళీ చూస్తే బిళ్ళ ఆకారం తేడాగా కనిపించింది. ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

మళ్ళీ ఆళ్లగడ్డ పోయాం. అక్కడి శిల్పి ఆమెకు పాత పరిచయం.

"ఏంది మేడమ్, మళ్ళా దానికోసరమేనా? పేరు పెట్టి పోతిరి గదా."

"తప్పు పెట్టినానేమో అని వచ్చినానప్పా."

"తప్పయితే ఏమైతాది? పిలిస్తే పలుకుతాదా అది?"

"నువ్వు చెక్కిన వినాయకుని కింద ఆంజనేయుడని రాస్తే ఊరుకుంటావా?"

"ఈ మేడమ్‌తో యాడ గెలుస్తాం సార్" అని నాతో అంటూ రాయి లేపాడు.

ఎత్తిన రాయిని ఎత్తినట్టే దించాలని ఆమె పట్టు. "మెల్లగప్పా. కింద ఇంకా కాపురాలుంటాయి" అంది.

రిటైరయ్యాక, ఆమె వ్యాసంలో రాసిన ఆ పేరు మొట్టమొదట ఏ సాలెపురుగుకు పెట్టారో ఆ నమూనా ఉన్న మ్యూజియానికి రైల్లో పోయాం. సంచీ మోయడానికి నేను. స్పిరిట్ సీసాల్లో అన్నీ తెల్లగా పాలిపోయి ఉన్నాయట.

"మచ్చలన్నీ పోయినాయి. మేలే. మోసపోయేదానికి ఏం మిగల్లేదు" అంది.

మొదటి సాయంత్రానికే తేలింది. ఆళ్లగడ్డది వేరే జాతి. నాకు సంతోషమైంది. కొత్త జాతి అయితే పేరు పెట్టే హక్కు ఆమెదే. ఎక్కడ దాని ప్రస్తావన వచ్చినా పక్కన ఆమె పేరుంటుంది. ఇన్నేళ్ళ పనికి ఆ మాత్రం దక్కాలని నాకుండేది.

"ఇంకేం, రాసెయ్" అన్నాను.

"ఎవరన్నా ముందే పేరు పెట్టింటారేమో. మిగతా సీసాలు చూడాల."

"ఎన్ని చూస్తావమ్మే?"

"ఉన్నన్ని. మీకు విసుగైతే ఊరు చూసి రాపోండి."

నేను ఊరు చూడలేదు. మెట్ల మీదే కూర్చున్నాను. చివరికి, ఎవరూ వెతకని వేరే వర్గం బీరువాలో దొరికింది. అదే బిళ్ళ. దక్షిణాన మెట్ట కొండల్లో ఎవరో ఎప్పుడో పట్టి, పేరు పెట్టి వదిలేసిన సాలెపురుగు. బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది.

"దానికి పేరుందండీ. మనమే ఎరగం."

ఆమె ముఖంలో దిగులు కోసం వెతికాను. "ఆకలైతాంది" అంది. ఆ పూట కడుపునిండా తింది.

వ్యాసం మొదటి పేరాలోనే, ఈ సాలెపురుగును తప్పుగా గుర్తించింది తానేనని రాసింది. ఆ మాట చివర పెట్టకూడదా అని అడిగాను.

"నన్ను నమ్మి తప్పు రాసినోళ్ళు మొదట్లోనే చూడాల గదా" అంది.

అది ఆమె పోయే ముందే అచ్చయింది. సంతోషం.

నిన్న కాలేజీకి పోయాను. ఆమె పనిచేసిన గదిలో ఆళ్లగడ్డ సాలెపురుగు సీసా చూపించారు. పేరు మారినా లోపలి పాత చీటీ తీయరు. కొత్తది దాని పక్కన వేస్తారు. అది వాళ్ళ పద్ధతి. రెండూ ఆమె చేతిరాతే. ఒకటి నేను పెళ్ళి చేసుకున్నప్పటిది, ముందుకు వాలిన అక్షరాలు. రెండోది కాస్త వణికిన అక్షరాలు. సీసాను వెలుతురుకు వంచాను. తెల్లబడిన సాలెపురుగు మెల్లగా జారి, రెండు చీటీల మధ్య ఆగింది. కాసేపు చూసి, ఎత్తినచోటే, ఎత్తినట్టే దించాను.