టేపు చివరి రెండు నిమిషాలు

ప్రభుత్వ టీవీ కేంద్రంలో ముప్పై ఏళ్లు టేపుల గది చూసిన ఆ పెద్దమనిషిని అక్కడంతా ‘యముడు’ అనేవాళ్లు. కేంద్రంలో కొత్త టేపులకు ఎప్పుడూ కరువే. పాత కార్యక్రమాల మీదే కొత్తవి ఎక్కించేవాళ్లు. ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చేది ఈయన. పోవలసినదాని పెట్టె మీద ఎర్ర సిరాతో ‘పనికిరాదు’ అని రాసి సంతకం గీకేవాడు.

పెళ్లయిన కొత్తలో ఆయన భార్య ఆ కేంద్రంలోనే పన్నెండు వారాలు కుట్టుపని నేర్పింది. తెర మీద మొహం కన్నా చేతులే ఎక్కువ కనిపించేవి. ఆ చేతుల కోసం జనం టీవీల ముందు చేరేవాళ్లు. వీధిలో ఈయన్ని “కుట్టు టీచరమ్మగారి ఆయన” అనడం మొదలుపెట్టారు. అదిగో, అక్కడ కాలింది. లోకంలో గ్రంథాలయాలు చాలానే తగలబడ్డాయి, దండయాత్రల్లోనూ, మతం పిచ్చిలోనూ. పెళ్లానికి పేరొచ్చిందన్న కడుపుమంటతో తగలబెట్టినవాడి సంగతి మాత్రం ఏ చరిత్రకారుడూ రాసినట్టు లేదు. మన యముడు పన్నెండు పెట్టెల మీదా రాసేశాడు. ఇంటికొచ్చి, “గదిలోకి వాన నీళ్లొచ్చాయే, నీవన్నీ నానిపోయాయి” అన్నాడు. ఆవిడ నమ్మింది. పైగా ఆయన్నే ఓదార్చింది.

ఇప్పుడావిడ చేతులు వణుకుతాయి. స్వెట్టరు గుండీలు కూడా రోజూ ఆయనే పెట్టాలి. కేంద్రం వాళ్లు పాత కార్యక్రమాలు ఇంటర్నెట్‌లో పెడుతున్నారని కూతురు చెప్పిన దగ్గర్నుంచీ ఆవిడది ఒకటే గొడవ.

“నా చేతులు ఒక్కసారి చూపించవే, ఎలా ఉండేవో.”

“నానిపోయాయని చెప్పానా! చెవుడా?” అని ఆయన కసిరేవాడు.

ఒక ఆదివారం పొద్దున కూతురు ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

“అమ్మా, దొరికావు!”

ఫోన్‌లో ఏదో పాత వంతెన ప్రారంభోత్సవం. ఉపన్యాసం టేపు కన్నా పొట్టిది. అది అయిపోయాక, చెరగకుండా మిగిలిన పాత కార్యక్రమం రెండు నిమిషాలు బయటపడింది. ఇంటర్నెట్‌లో పెట్టినవాడు తోక కత్తిరించడం మరిచాడు. తెర మీద రెండు చేతులు. సూదిలోకి దారం ఒక్క ఊపున దూరింది. గుండీ కుట్టడం చిటికెలో అయిపోయింది.

“అబ్బ, ఎంత వేగమే నాది!” అంది ఆవిడ.

“ఇది నానలేదే నాన్నా!” కూతురు నవ్వింది. “టేపు పెట్టె ఫొటో కూడా పెట్టారమ్మా, చూడు.”

ఆయన గబుక్కున “చాల్లే, తియ్యి” అంటూ ఫోన్ మీదకి చెయ్యి చాపాడు.

అప్పటికే ఆవిడ చదివేసింది. ‘కుట్టు పాఠం’ అన్నది కొట్టేసి ఉంది. పక్కన ‘పనికిరాదు’. కింద, కూతురి ప్రోగ్రెస్ కార్డుల మీద ఏళ్ల తరబడి చూసిన సంతకం.

“మిగతా పదకొండో?”

“పైవాళ్లు రాయమంటే...”

“పైవాళ్లే వాన కూడా కురిపించారా?”

మర్నాడు అలవాటుగా ఆయన గుండీలు పెట్టబోతే ఆ చెయ్యి తోసేసింది.

“కూర్చోండి. చూడండి.”

ఐదు గుండీలు. వేళ్లు జారిపోతున్నాయి. గంట పట్టింది. ఆయన రెండుసార్లు మొహం తిప్పుకున్నాడు. రెండుసార్లూ “ఇటు” అంది. ఐదోది పట్టాక తెలిసింది, మొదటిదే తప్పు కాజాలో పడిందని.

అన్నీ విప్పేసి, మళ్లీ మొదలుపెట్టింది.