దాచిపెట్టిన కొత్త బూట్లు

నేను సౌదీలోని తబూక్‌లో బిల్డింగ్ మెయింటెనెన్స్ పని చేస్తాను. కంపెనీ ఏటా కొత్త సేఫ్టీ బూట్లు ఇస్తుంది. క్యాంపులో అందరిలాగే నేనూ కొత్తవి ఊరికి తీసుకుపోవడానికి దాచి, పాతవాటినే అడుగు అరిగేదాకా తొడుక్కుంటాను.

మొన్న చలికాలంలో మా ప్రాంతంలోని జబల్ అల్ లౌజ్ కొండ మీద మంచు పడిందంటే, శుక్రవారం సెలవని రూమ్మేట్ గంగాధర్‌తో బయల్దేరాను.

"మంచుల నడిచేటందుకు వేరే బూట్లుంటయంట అన్నా, కొందమా?" అన్నాడు దారిలో.

"ఇనుప రాడ్ పడ్డా నా కాళ్లను కాపాడినయ్ తమ్మీ. మంచు ఏం జేస్తది?" అన్నాను.

సగం ఎక్కేసరికే బూటు ముందుభాగంలోని ఇనుప రేకు చల్లబడి వేళ్లు మొద్దుబారాయి. దిగేటప్పుడు అడుగు అరిగిన బూటు జర్రున జారింది. వెల్లకిలా పడి లోయ వైపు జారిపోతుంటే గంగాధర్ నా జాకెట్ పట్టి ఆపాడు.

"లే అన్నా, మెల్లగ పోదాం," అన్నాడు చెయ్యందిస్తూ.

రూముకొచ్చి వేడినీళ్లలో తడిపిన గుడ్డ కాళ్లకు చుట్టుకుంటుంటే బామ్మర్ది ఫోన్ చేశాడు.

"బావా, నా బూట్లు పైలంగ ఉన్నయా?"

ఈసారి వాడికిస్తానన్న కొత్త జత మంచం కింద సంచిలో ఉంది, కవరైనా విప్పలేదు. "ఉన్నయ్ రా," అన్నాను.

కాలి మీద పడే బరువును ఇనుము ఆపుతుంది గానీ చలిని ఆపదు. మంచుకొండకు పట్టున్న అడుగు, వేళ్లు కదిలే చోటు, లోపల వెచ్చదనం కావాలి. అది బాగానే తెలిసొచ్చింది. అయినా తెల్లారి డ్యూటీకి, వాచిన వేళ్లతో, ఆ పాతవే తొడుక్కున్నాను.