కడగని ఇసుక మీద తెల్ల సైనికుడు

పోయిన నెలలో ఒక పొద్దున్న ఆఫీసుకని స్కూటీ బయటకు తీస్తుంటే, పక్కింటి పిన్ని, మాస్టారి భార్య, గేటు దగ్గరకొచ్చి "మాస్టారు లెగటం నేదమ్మా, ఓపాలి వచ్చి సూడు" అంది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకునేసరికే చల్లబడిపోయింది. నిద్రలోనే పోయారు. లంజిపల్లిలో మా వీధి వాళ్ళకు ఆయన రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. నాకు ఆదివారాల గురువు.

బొటనవేలంత సైనికుల బొమ్మలకు రంగులు వేయడం ఆయన ఇష్టం. అవి పెట్టెలో ముక్కలుగా వస్తాయి. అతికించి, రంగు వేసి, తల నుంచి కాలి దాకా తెల్ల కవచం తొడిగిన సైనికుణ్ణి నిలబెట్టాలి. పిల్లలాట అని మొదట నేనూ నవ్వాను. తెలుపంత మొండి రంగు ఇంకోటి లేదని తర్వాత తెలిసింది. మందంగా వేస్తే గోడకు సున్నం కొట్టినట్టే ఉంటుంది. ఆయన ముందు బూడిద రంగు వేసి, దాని మీద నీళ్ళపాలంత పల్చటి తెలుపు ఆరేడు పూతలు వేసేవారు, సందుల్లో బూడిద రంగు అలాగే వదిలేసి. నాకేమో ముక్కు మీద కోపం, చేతిలో తొందర. "ధీరే, ధీరే" అనేవారు ఒడియాలో, నెమ్మదిగా అని. బళ్ళో పిల్లలతో ఎన్నో ఏళ్ళు అన్న మాటే నాతోనూ అనేవారు.

అంత కష్టపడి తెల్లగా చేసినదాన్ని మళ్ళీ మాపాలి. అదే నాకు మనసొప్పేది కాదు. "తెల్లగుంటే అది బొమ్మేనమ్మా. మాసినాకే లోపల మనిసున్నాడని తెలస్తాది" అనేవారు. బ్రష్ పట్టుకునే ముందు ఒక ప్రశ్న తప్పదు. "ఈడు ఏ దారంట వొచ్చాడు? ముందది సెప్పు. బురద తరవాత." ఎర్రమట్టి దారైతే పిక్కల మీద ఎరుపు. బాహుదా నది సముద్రంలో కలిసే మొగ వైపు నుంచైతే చీలమండల దగ్గర నల్లబంక. ఒకసారి నేను ఒళ్ళంతా సమానంగా గోధుమరంగు పులిమాను. చూసి, "నడిసొచ్చినట్టు నేదు. ఎవులో ఎత్తి కాలవలో ముంచినట్టుంది" అన్నారు, నవ్వకుండా.

ఆయన పుట్టింది సముద్రపొడ్డున సోనేపూర్‌లో, పడవల వాళ్ళింట. నన్నక్కడికి తీసుకెళ్ళి ఒక తెల్ల పడవ ముందు గంటసేపు కూర్చోబెట్టారు. తాడు ఒరుసుకున్న చోటు, మోకాలు ఆనించిన చోటు, మేకు కింద తుప్పు కారిన చోటు చూపించారు. "రంగెక్కడ పోయిందో సూస్తే ఎవులెక్కడ కూకున్నారో తెలస్తాది" అన్నారు. ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా నా చూపు ముందు కుర్చీ చేతుల మీదకే పోతుంది.

ఇక నా తప్పు చెప్పాలి. నిరుడు ఆయన కళ్ళు మసకబారాయి. ఇదే ఆఖరిదంటూ నాలుగు నెలలు ఒకే సైనికుణ్ణి పట్టుకుని కూర్చున్నారు. వాడి కాళ్ళ కింద ఇసుక అతికించే పని నాకిచ్చారు. సోనేపూర్ ఇసుక, మూడు నీళ్ళు కడిగి ఆరబెట్టమన్నారు. ఆ రోజు నాకు పెళ్ళికి వెళ్ళే హడావుడి. కడగకుండానే అతికించేశాను. అడిగితే కడిగానన్నాను. వానలు పట్టేసరికి ఇసుకలో ఉప్పు ఊరి బూట్ల మీద పూసింది, రంగు పొక్కులు లేచింది. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"వానలకి గావోసు మాస్టారూ" అన్నాను.

"గావోసు" అన్నారు.

ఆ తర్వాత ఆదివారాలు వెళ్ళడం మానేశాను. చెప్పేద్దామని గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన రోజులున్నాయి. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటూ ఏడాది గడిపేశాను. ఇప్పుడు చెప్పుకోవడానికి ఆయన లేరు. సిగ్గుగా ఉంది, అంతకన్నా బెంగగా ఉంది.

పెద్దకర్మ అయిన మర్నాడు పిన్ని దగ్గర కూర్చుని చెప్పేశాను. "ఆ ఇసక నేను కడగనేదు పిన్నీ. కడిగేనని అబద్దమాడేను."

"ఆయనకి తెలుసమ్మా" అంది పిన్ని. "పొక్కులు సూసిన దినమే ఆ తెల్లది ఏలితో తీసి నాలిక మీదెట్టుకున్నారు. సోనేపూర్ ఉప్పు ఆయనకి తెలవదేటి?"

"మరి నన్నేటీ అననేదేటి?"

"తనే వచ్చి సెప్తాదిలే అన్నారు. ఆదివారం ఆదివారం నీకూ ఓ గ్లాసు టీ ఎట్టించీవోరు."

పిన్ని లేచి, అద్దాల అలమరలోంచి ఆ సైనికుణ్ణి తెచ్చి అరచేతిలో పెట్టింది. పొక్కులు గీకేయలేదు మాస్టారు. ఆ మసక కళ్ళతోనే బూట్ల దగ్గర నుంచి మోకాళ్ళ దాకా, ఆరిపోయిన ఉప్పునీటి చారలు ఒక్కొక్కటే వేశారు. వాడు సముద్రంలోంచి గట్టెక్కి నడిచొచ్చినట్టున్నాడు. అరుగు మీద ఎండలోకి తెచ్చి తిప్పి తిప్పి చూశాను. అందులో నేను పాడుచేసింది ఎంతో, ఆయన వేసింది ఎంతో తేల్చుకోలేకపోయాను.