సముద్రం రుచి చూపిన ఆకు

మా చిన్నప్పుడు... రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మద్రాసు మీద బాంబులు పడతాయన్న భయంతో జనం రైళ్ళెక్కి మా చిత్తూరుకు వచ్చేస్తున్నారు. మా పక్క వాటాలోకి రూతు, వాళ్ళమ్మ దిగారు. రూతుది నా ఈడే. ఆ పిల్ల చేతుల్లో తుప్పు పట్టిన డబ్బా... అందులో ఓ చిన్న మొక్క!

వాళ్ళ నాయనకు హార్బరులో పని. సెలవు దొరక్క అక్కడే ఉండిపోయాడు. వీళ్ళు బయల్దేరే ముందు, ఒడ్డున రాళ్ళ సందులోంచి ఆ మొక్కను పీకి కూతురికిచ్చాడట.

ఎర్రటి కాడలు... మందపాటి ఆకులు. ఎదురింటి మునెమ్మత్త చూడగానే తేల్చేసింది.

"ఇది పాయలాకే గదమ్మే! మా చేనంతా ఇదే. పప్పులోకేస్తే బలే ఉంటాది."

మర్నాడు ఆకు గిల్లుకుపోవడానికి చేట పట్టుకుని వచ్చేసింది కూడా! రూతు డబ్బాను గుండెకు హత్తుకుని ఒకటే ఏడుపు.

"కాదత్తా... ఇది సముద్రం కాడ రాళ్ళ మీద మొలిచేది. మా నాయన ఇచ్చినాడు!"

ఎవరూ నమ్మలేదు. మా వీధిలో సముద్రం చూసినవాళ్ళెవరు గనక! చివరికి మా అమ్మ కల్పించుకుంది. మొక్కకు ఒక మొగ్గ ఉంది.

"ఆగు మునెమ్మా. పాయలాకుకు పసుప్పచ్చ పువ్వు గదా. ఇదేం పూస్తాదో సూద్దాం."

ఆ మొగ్గకు మేమిద్దరం కాపలా. విచ్చిందా అని వీధిలోవాళ్ళంతా రోజూ అడిగేవాళ్ళు. ఒకరోజు ఎండెక్కుతుండగా విచ్చుకుంది... గులాబిరంగు! వేలిగోరంత నక్షత్రం!

రూతు ఒక ఆకు తుంచి మునెమ్మత్త చేతిలో పెట్టింది. ఆమె కొరికి చూసి అదిరిపడింది.

"అమ్మో! ఉప్పులో ఊరబెట్టినట్టుండాదే!"

నాకూ ఓ ముక్క దొరికింది. నములుతుంటే... ఎన్నడూ చూడని సముద్రం, నా నాలుక మీద! మా బావినీళ్ళు తాగుతూ కూడా ఆ మొక్క ఉప్పును ఎలా దాచుకుందో!

రూతు మాత్రం పువ్వునే చూస్తూ, "మా నాయన ఆడ బాగానే ఉండాడు" అంది... ఎవరో వచ్చి చెప్పినంత నమ్మకంగా.

కొన్నాళ్ళకు ఆయన నిజంగానే వచ్చాడు, వాళ్ళను తీసుకుపోవడానికి. వెళ్ళేరోజు మునెమ్మత్తే అడిగి ఒక కాడ తీసుకుంది. పప్పులోకి కాదు... పెరట్లో నాటుకోవడానికి!

ఇప్పుడు ఏ మొక్కనైనా ఫోనుతో ఫోటో తీస్తే చాలు, క్షణంలో పేరు చెప్పేస్తోంది. మంచిదే... కానీ ఒక మొగ్గ ఏ రంగులో విచ్చుకుంటుందోనని వీధి వీధంతా ఎదురుచూడటం మళ్ళీ చూడలేదు. మీరు అలా నోరెళ్ళబెట్టేలా చేసిన మొక్క ఏదైనా ఉందా? చెప్పండి... వినాలనుంది.