శాంతయ్య పనికి సాక్షులు

సత్యవేడు చుట్టుపక్కల పల్లెల్లో బోరు మోటారు కాలిపోతే రైతులు మొదట శాంతయ్యకే ఫోన్ చేసేవాళ్లు. అతనికి కొట్టు లేదు, బోర్డు లేదు. మోటారు సైకిల్‌కు తగిలించిన ఒక సంచి, దాంట్లో స్పానర్లు, రాగి తీగ, అంతే. పొద్దున మోటారు పైకి లాగితే సాయంత్రానికి మడిలో నీళ్లు పారించేవాడు. రెండేళ్ల కిందట జూన్‌లో అలా పని ముగించుకుని వస్తుంటే, నాగలాపురం రోడ్డులో ముందున్న లారీని దాటబోయిన టిప్పర్ ఎదురుగా వచ్చి కొట్టింది. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. అప్పటికి అతనికి ముప్పై ఆరేళ్లు.

ఇంట్లో మిగిలింది ముగ్గురు ఆడవాళ్లు. భార్య ఎస్తేరు, తల్లి అక్కమ్మ, ఏడో తరగతి చదివే కూతురు కోమలి.

సమాధి చేసిన నాలుగో రోజే టిప్పర్ యజమాని తరఫున ఒకాయన వచ్చాడు. ఖర్చులకు ఉంచుకోమని ఒక కవరు మంచం మీద పెట్టి, స్టాంపు కాగితం చాపాడు.

"ఈడ సంతకం పెట్టమ్మా. కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక మీకు యాడుండాది?"

ఎస్తేరు పదో తరగతి దాకా చదివింది. కాగితం తీసుకుని చూస్తే కింది సగం ఖాళీగా ఉంది.

"ఈ ఖాళీలో ఏం రాస్తారన్నా?"

"మామూలుదేలే, రాజీ కాగితం."

"రాసినాక తీసుకురా. అప్పుడు సదువుకుని చెప్తాను." కవరు కూడా ఆయన చేతిలోనే పెట్టేసింది.

ఆయన వెళ్లాక అక్కమ్మ తిట్టింది. "వచ్చినదాన్ని తోసేస్తివి. రేపు బిడ్డకు ఏం పెడతావు?" ఆ వారమంతా ఎస్తేరు తాను తప్పు చేశానేమోనని కుమిలిపోయింది. అయినా స్టేషన్‌కు మూడుసార్లు తిరిగి ఎఫ్ఐఆర్ నకలు తెచ్చుకుంది. దాన్ని ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

తెలిసింది అయిదు నెలలు దాటాక. పింఛను కాగితాల కోసం మండలాఫీసుకు వెళ్తే అక్కడ చట్టాల గురించి సభ జరుగుతోంది. ధనశేఖర్ అనే వకీలు మాట్లాడుతున్నాడు. వాహనం గుద్ది మనిషి చనిపోతే కుటుంబం ట్రిబ్యునల్‌లో పరిహారం అడగవచ్చనీ, ఆరు నెలల్లోపు కేసు వేయాలనీ, ఆడవాళ్లకు న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుందనీ చెప్పాడు. ఎస్తేరు సభ మధ్యలోనే లేచి నిలబడింది.

"మా ఇంటాయన పోయి అయిదు నెలల పదిరోజులు సార్. ఇంకా టైముండాదా?"

"ఉండాదమ్మా. రేపే కాగితాలు తీసుకుని రా."

అలా తిరుపతి కోర్టులో కేసు పడింది. ఉచిత వకీలుగా ధనశేఖర్‌నే ఇచ్చారు. వాయిదా ఉన్న రోజు ఎస్తేరు తొలి బస్సుకే బయలుదేరేది. ఒక్కోసారి పేరు పిలిచేసరికే మధ్యాహ్నం దాటేది, మళ్లీ వాయిదా పడేది.

పరిహారం కట్టాల్సిన టిప్పర్ ఇన్సూరెన్సు కంపెనీ రెండు మాటలు పట్టుకుంది. శాంతయ్యకు హెల్మెట్ లేదన్నది ఒకటి. పెట్టుకున్నాడని చెప్పమంది అక్కమ్మ. "లేనిది ఉన్నట్టు చెప్పను అత్తా. రోజూ పోట్లాడేదాన్ని, వినలే ఆయన," అంది ఎస్తేరు. వకీలు దగ్గరా అదే చెప్పింది. ధనశేఖర్ పోస్టుమార్టం రిపోర్టు తిరగేసి, ప్రాణం తీసిన దెబ్బ ఛాతీకి తగిలిందని, తలకు కాదని కోర్టులో చూపించాడు. ఆ మాట అక్కడితో ఆగింది.

రెండోది గట్టిది. అతను పని చేసేవాడని, సంపాదించేవాడని రుజువేది? జీతం చీటీ లేదు, రసీదు పుస్తకం లేదు.

ఎస్తేరు ఊళ్లు తిరిగింది. భర్త ఫోనులో ఉన్న నంబర్లు చూసుకుంటూ ఒక్కో చేను దగ్గరికీ నడిచింది. కోర్టు మాట ఎత్తగానే కొందరు పనుందన్నారు. వేరుశనగ రైతు వెంకటముని మాత్రం గట్టు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు.

"నా మోటారు మూడుతూర్లు బాగుచేసినాడమ్మా. ఒకతూరి వానలో తడుస్తా చేసినాడు. వచ్చి చెప్తాలే."

ఆయన తనతో పాటు ఇంకో నలుగురిని కూడగట్టాడు. అయిదుగురూ ఒకే బస్సులో తిరుపతి వచ్చారు. బోనులో వెంకటమునిని కంపెనీ వకీలు అడిగాడు, "అతను మెకానిక్ అనడానికి మీ దగ్గర ఏం ఆధారం ఉంది?"

"నా చేనుండాది సార్. వచ్చి సూడండి, ఆయన తీగ చుట్టిన మోటారు ఇప్పటికీ నీళ్లు పోస్తా ఉండాది."

వెనక బెంచీలో ఎస్తేరు కొంగుతో ముఖం కప్పుకుంది. మొగుడు పోయినప్పటి నుంచి అందరూ అతని చావు గురించే అడిగారు. అతని పని గురించి ఒక మనిషి నిలబడి చెప్పడం అదే మొదటిసారి.

తీర్పు పోయిన మార్చిలో వచ్చింది. శాంతయ్యను నైపుణ్యం ఉన్న పనివాడిగా లెక్కలోకి తీసుకుని పరిహారం ఇవ్వమన్నారు. కోమలి వాటా పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఆ పిల్ల పేరిటే బ్యాంకులో ఉంటుంది. అక్కమ్మ తీర్పు నకలును చాలాసేపు నిమిరి, "వాడి పేరు ఎన్నిసార్లు రాసినారు దీంట్లో?" అని అడిగింది. కోమలి కూర్చుని లెక్కపెట్టింది. పదిహేడు.

ఇప్పుడు ఎస్తేరు శిక్షణ తీసుకుని న్యాయసేవా సంస్థలో వాలంటీరుగా పని చేస్తోంది. రోడ్డు ప్రమాదంలో ఎవరైనా పోయారని తెలిస్తే ఆ ఇంటికి వెళ్తుంది. ఈమధ్య నాగలాపురంలో శకుంతలమ్మ కొడుకు బైకు మీద వెళ్తూ చనిపోయాడు. గుద్దిన కారు ఏదో తెలియదు.

"బండే దొరకనప్పుడు ఎవరిని అడిగేదమ్మే?" అంది శకుంతలమ్మ.

"గుద్ది పారిపోయినా గవర్నమెంటు ఇచ్చే సాయం ఒకటి ఉండాది అక్కా. దానికి వేరే అర్జీ. తెల్లకాగితం మీద మాత్రం ఎవరికీ సంతకం పెట్టొద్దు."

"నాకు రాసేది రాదే."

"నేను రాస్తాను, నువ్వు చెప్పు. మీ వాడు ఏం పని చేస్తాండె?"

శకుంతలమ్మ కళ్లు తుడుచుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. కొడుకు టైల్స్ ఎంత వరసగా పరిచేవాడో చెప్పడం మొదలుపెట్టింది.